గోడ మూలిగిన సినిమా

మా లైబ్రరీలో ఏటా హారర్, సైన్స్ ఫిక్షన్ సినిమాలకు మేమే అవార్డులు ఇచ్చుకుంటాం. మేమంటే, శనివారం మధ్యాహ్నం మీటింగ్ రూమ్‌లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చునే కొద్దిమందిమి. గెలిచిన సంగతి ఆ సినిమా వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. గెలిచిన డీవీడీ మీద నారింజ రంగు స్టిక్కర్ అంటించి, తలుపు తీయగానే కనిపించే బల్ల మీద ఏడాదంతా నిలబెడతారు, అంతే. అమెరికాలో మేముండే ఈ మోరిస్‌విల్‌లో ఆ స్టిక్కర్ చూసి సినిమా తీసుకెళ్ళేవాళ్ళు ఎందరో నాకు తెలియదు. నేను మాత్రం అలాగే మొదలుపెట్టాను.

పెళ్ళయి ఇక్కడికి వచ్చేనాటికి నా చదువు ఇంటర్‌తో ఆగిపోయి ఉంది. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. అపార్ట్‌మెంట్ నుంచి నడిచి వెళ్ళగలిగింది లైబ్రరీ ఒక్కటే. మొదట పిల్లల బొమ్మల పుస్తకాలు చదివాను, తర్వాత పెద్దవాళ్ళవి. సినిమా గురించిన పుస్తకాలు ఒక అర నిండా ఉంటే ఎడమ చివర మొదలుపెట్టి కుడి చివరికి చేరాను. మంచులో నడిచే అడుగుల చప్పుడు కోసం స్టూడియోలో మొక్కజొన్న పిండి సంచిని నొక్కుతారనీ, ఎముక విరిగే చప్పుడు సెలరీ కాడలదనీ నాకు ఎవరూ చెప్పలేదు. చదువుకున్నాను. సెలరీ అంటే ఏమిటో తెలియక కొనుక్కొచ్చి విరిచి చూశాను కూడా. అచ్చం ఎముకలాగే విరిగింది. మిగిలింది పప్పులో వేస్తే ఆయన రెండు ముద్దలు తిని, ఇదేం ఆకుకూర అని పక్కకు నెట్టేశారు.

సినిమాలు మాత్రం నేను శబ్దం లేకుండా చూసేదాన్ని. మాది ఒక బెడ్‌రూమ్ ఇల్లు. హాల్లో ఒక మూల ఆయన ల్యాప్‌టాప్, ఇంకో మూల టీవీ. ఆయన పొద్దున్నుంచీ కాల్స్‌లోనే ఉంటారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడబోతే నా వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి, వాటిని మానేశాను. తెర కింద వచ్చే అక్షరాలతో సరిపెట్టుకున్నాను. నా ఇంగ్లీషులో సగం అక్కడ నేర్చుకున్నదే. అక్కడ మాటలే కాదు, చప్పుళ్ళు కూడా రాస్తారు. తలుపు ఎలా తెరుచుకుందో, గాలి ఎలా వీచిందో, చీకట్లో ఎవరు ఎలా ఊపిరి పీల్చారో అన్నీ ఉంటాయి. తెలియని మాట వస్తే సినిమా ఆపి డిక్షనరీలో చూసి, దానికి తెలుగులో ఏ చప్పుడో వెతుక్కునేదాన్ని. తలుపు కిర్రుమంటే, అది తెనాలిలో మేం అద్దెకున్న ఇంటి పెరటి తలుపు. ఆవిరి బుస్సుమంటే, మా వీధిలో ఇస్త్రీ బండి దగ్గర తడిగుడ్డ. అంతరిక్ష నౌకలో ప్రమాద ఘంటిక మోగితే, రైలు గేటు పడేముందు మోగే గంట. కథ ఏ గ్రహం మీద జరిగినా చప్పుళ్ళన్నీ తెనాలివే.

ఆ ఏడాది ఉత్తమ చిత్రానికి నేను ఎంచుకున్నది, అంతరిక్ష నౌకలో అందరూ చనిపోయాక నారుమడికి నీళ్ళు పెడుతూ మిగిలిపోయిన ఆమె కథ. ఉత్తమ రాక్షసికి, చివరిదాకా తెర మీద కనిపించని రాక్షసి. మనసంతా మాత్రం శబ్దానికిచ్చే అవార్డు మీదే ఉంది. దానికి ఎంచుకున్న సినిమా చిన్నది, ఎవరూ తీసుకెళ్ళనిది. మంచు ప్రాంతంలో ఒక వాతావరణ కేంద్రం, అందులో ఒక్కడే మనిషి, గోడ లోపల ఏదో ఉంది. అతను మాట్లాడేది తక్కువ. తెర కింద అక్షరాలు మాత్రం ఆగవు. గాలి రోదిస్తుంది, మంచు చిట్లుతుంది, గోడ మూలుగుతుంది. ఆ మూలుగు నాకు మా నాయనమ్మది. మోకాళ్ళ మీద చేతులానించి లేచేటప్పుడు ఆవిడ మూలిగేది. ఆ సినిమా చూస్తున్నంతసేపూ నాకు భయం వేయలేదు. పక్క గదిలో మన మనిషి ఉన్నట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో లేచి వచ్చి టీ పెట్టమంటుందన్నట్టు ఉండేది. ఎన్నిసార్లు తెచ్చుకుని చూశానో లెక్క లేదు.

మా క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. సినిమాను ప్రతిపాదించినవాళ్ళు ఒక చిన్న ముక్క అందరికీ చూపించి, ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. ఇంకొకరు చేయెత్తి బలపరచాలి. బలపరిచేవాళ్ళు లేకపోతే అది ఓటు దాకా వెళ్ళదు. మిగతావి ఏమైనా ఫరవాలేదు గానీ, ఈ సినిమా ఆ బల్ల మీద నిలబడాలని నాకు గట్టిగా ఉంది. ఈ ఊళ్ళో నేను ఎంచుకున్నది అంటూ అప్పటికి ఏదీ లేదు. అపార్ట్‌మెంట్, సోఫా, చివరికి కర్టెన్లు కూడా నేను వచ్చేసరికే ఉన్నాయి.

ఆ శనివారం చెప్పులు వేసుకుంటుంటే ఆయన హెడ్‌సెట్ ఒక చెవి మీంచి జరిపారు.

"ఏం మేడమ్, దయ్యాల కమిటీకేనా?"

"మీరూ రండి. నాకు బలపరిచేవాళ్ళు కావాలి."

"పొద్దస్తమానం మా మేనేజర్‌ని చూస్తున్నా, నాకు వేరే హారర్ ఎందుకు? అయినా ఇవాళ మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, కదల్లేను." అని చెవి మూసుకున్నారు.

నా వంతు వచ్చింది. ముందే కాగితం మీద రాసుకున్నది చూడకుండానే చెప్పాను. శబ్దాన్ని ఎలా తయారుచేస్తారో, భయం కంటి కంటే ముందు చెవిని ఎలా పట్టుకుంటుందో చదివినదంతా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. క్లబ్బు నడిపే లైబ్రేరియన్, నెరిసిన జుట్టావిడ, గోడ మూలిగే చోటికి సినిమాను జరిపి వాల్యూమ్ పెంచింది.

గోడ మూలగలేదు. సన్నగా, ఒకే తీరున ఏదో మోత వచ్చింది. దాని మీద ఎలక్ట్రానిక్ వాయిద్యం మీటినట్టు ఒక ముక్క, మళ్ళీ అదే మోత. తెర కింద అక్షరాలు నాకు తెలిసినవే. వాటికీ ఆ మోతకూ సంబంధం లేదు. వేరే ఎవరి సినిమానో పెట్టారేమో అనిపించింది. శబ్దం గురించి అన్ని రోజులు ఆలోచించి, ఒక్కసారి శబ్దం పెట్టి చూడాలని నాకు తట్టనే లేదు. ఎలా తడుతుంది, అది నాకు వినిపిస్తూనే ఉంది కదా.

టెలిఫోన్ కంపెనీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఎప్పుడూ నా పక్కనే కూర్చుంటాడు. మంచివాడే. "మా ఇంట్లో ఫ్రిజ్ కూడా ఇలాగే మోగుతుంది. దానికీ ఓటేద్దామా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

లైబ్రేరియన్ నవ్వలేదు. ఇందులో మీకేం వినిపించింది అని మెల్లగా అడిగింది. ఇప్పటిదాకా నేను దీన్ని వినలేదని, చదివానని చెప్పాను. అయితే ఆ కింద అక్షరాలు రాసినవాళ్ళకే ఇవ్వాలి అవార్డు, అన్నాడు టెలిఫోన్ ఆయన, ఈసారి హాస్యానికి కాదు. కానీ అలాంటి అవార్డు మా జాబితాలో లేదు. సినిమా చివర ఎంతమంది పేర్లు వేసినా ఆ రాసిన మనిషి పేరు వేయలేదు కూడా.

"ఎవరైనా బలపరుస్తారా?" అని అడిగింది లైబ్రేరియన్.

ఎవరూ చేయెత్తలేదు. కావాలంటే మీరే వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు బలపరచలేదని రాయక్కర్లేదు అంది ఆవిడ. అక్కర్లేదు, ఉండనివ్వండి అన్నాను. నారుమడి సినిమాను ఇద్దరు బలపరిచారు. అది బల్ల మీదికి వెళ్ళింది కూడా. ఆ సంతోషం మాత్రం నాకు గుర్తులేదు.

డీవీడీ నా పేరు మీదే ఉంది కాబట్టి ఇంటికి తెచ్చుకున్నాను. హాల్లో ఆయన కాల్‌లోనే ఉన్నారు. టీవీ శబ్దం తీసేసి, మళ్ళీ ఆ చోటికి జరిపాను. గోడ మూలిగిందని రాసి ఉంది. నాకు ఫ్రిజ్ మోత వినిపించింది. వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. అదే మోత. నాయనమ్మ లేవలేదు. శబ్దం ఆపేసినా ఆ శబ్దం ఆగలేదు.

ఆయన హెడ్‌సెట్ తీసి నీళ్ళు తాగుతుంటే అడిగాను.

"ఏవండీ, గోడ మూలిగింది అని రాసుంటే మీకు ఎలా వినిపిస్తుంది?"

"గోడ మూలగడమేంటి?" అని ఒక్క క్షణం ఆలోచించారు. "మా హాస్టల్లో ట్యాంకు నిండేటప్పుడు గోడలో పైపు... ఊఁ... ఊఁ... అని ఉండేది. ఫస్టియర్‌లో రాత్రుళ్ళు నిద్రపట్టేది కాదు. ఏడుపొచ్చేది."

ఆ మాట నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఇంకేమైనా చెబుతారేమోనని చూశాను. ల్యాప్‌టాప్‌లో ఎవరో పిలిచారు. యా, ఐ యామ్ హియర్ అంటూ హెడ్‌సెట్ పెట్టేసుకున్నారు. ఎందుకు అడిగానో అడగలేదు.

మళ్ళీ వెనక్కి జరిపి పెట్టాను. గోడ మూలిగింది. ఈసారి ట్యాంకు నిండుతున్న పైపులా, ఊఁ అని. అది నాది కాదు. అయినా ఫ్రిజ్ కంటే నయం. సినిమా అయిపోయేదాకా దానితోనే చూశాను.