రెండో టబ్బులో పచ్చనీళ్ళు

నిన్న పొద్దున్న అక్క ఫోన్ చేసి "మీ బావగారు ఇక లేరురా" అంది.

"అదేంటక్కా, నిన్నే కదా మాట్లాడేరు" అన్నాను. అదే మాట మూడుసార్లు అన్నానట.

ఇంకా షాక్‌లోనే ఉన్నాను. ఏం రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

మా సత్తిబాబు బావగారు మామిడికుదురులో చేపపిల్లలు పెంచేవారు. కిందటేడు చెరువు నిండా వాటి మేత, అదే ప్లాంక్టన్, ఉన్నా పిల్లలు చిక్కిపోయి చచ్చిపోయాయి. అందరూ వైరస్ అన్నారు. ఈయన మాత్రం సెకండ్ హ్యాండ్ మైక్రోస్కోప్ కొనుక్కుని షెడ్డులో కూర్చున్నారు.

"తినేదాన్ని చూస్తే సరిపోదురా నానీ. దాని నోట్లో పడేది అంతకుముందు ఏం తిన్నదో చూడాలి" అనేవారు.

నేను "ఆయ్" అనేవాడిని. అర్థమై కాదు.

రెండు టబ్బులతో ఎక్స్‌పెరిమెంట్ మొదలుపెట్టారు. రెండింటిలోనూ నలుసంత నీటి పురుగులు, వాటిని తినే కాస్త పెద్ద పురుగులు. మొదటి టబ్బులో చిన్నవాటికి నాచు పెరిగిన పచ్చనీళ్ళు. రెండోదాంట్లో ఉత్త ఈస్టు, అదే బ్రెడ్డు పిండి పొంగడానికి వేసేది, కలిపిన నీళ్ళు.

సరైన తిండి లేనివి నీరసించి తొందరగా దొరికిపోతాయని, వాటిని తిన్నవాటికీ బలం పట్టదని ఆయన అనుమానం.

పోయిన వారం గుండెల్లో నొప్పని అమలాపురం హాస్పిటల్లో చేరారు. టబ్బులు నాకు అప్పగించారు.

రెండోరోజుకే రెండో టబ్బులోవి వేలాడిపోయాయి. పంక్తిలో ఒకరికి నెయ్యి వేసి పక్కవాళ్ళకి మానేసే అలవాటు మా ఇంట్లో లేదు. నాకు మనసొప్పలేదు. దాంట్లో కూడా రోజూ ఓ మగ్గు పచ్చనీళ్ళు పోశాను.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. "రెండో టబ్బులోవి ఎలా ఉన్నాయిరా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ. రెండూ ఒకేలా ఉన్నాయి."



"అదేంట్రా? అలా ఉండకూడదే. అయితే నేననుకున్నదంతా తప్పేనంటావా?"

అప్పుడే చెప్పాల్సింది. తిడతారని భయమేసి "మీరొచ్చేక చూద్దాం లెండి" అన్నాను.

చివరిదాకా "అవెలా బతికేయంటావ్?" అని అక్కని అడుగుతూనే ఉన్నారట. అక్క ఆ సంగతి మామూలుగానే చెప్పింది.

ఏడవాలో, నన్ను నేను తిట్టుకోవాలో తెలియడం లేదు. ఫోన్‌లో అంత బాగా మాట్లాడిన మనిషి మర్నాటికి లేకపోవడం ఏమిటో అదీ అర్థం కావడం లేదు.

బావగారూ, పచ్చనీళ్ళు పోసింది నేనే.

నేను పొయ్యకముందు అవి మీరన్నట్టే నీరసించిపోయాయండీ. అచ్చం మీరన్నట్టే.

ఇంక దాని గురించి ఆలోచించకండి. ప్రశాంతంగా నిద్రపోండి.