ఓటీపీ దుబాయ్‌లో, సీటు సిరిసిల్లలో

పొద్దున ఏడున్నరకు జగిత్యాల బస్టాండ్‌లో కోరుట్ల బస్సెక్కాను. పని నాది కాదు, మా తమ్ముడి కూతురు అఖిలది. డిగ్రీ అయ్యాక ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో మూడు చిన్న కోర్సులు చేసింది: బట్టలో లోపాలు పట్టడం, రంగులు కలపడం, కంప్యూటర్ మీద డిజైన్ గీయడం. సిరిసిల్లలో ఒక కాలేజీ వాళ్లు వస్త్రాల డిజైన్ డిప్లొమాలో సీటిచ్చారు. నేరుగా రెండో సెమిస్టర్లో చేరే సీటు. అయితే ఆ మూడు కోర్సులూ నిజంగా పాసైనట్టు రుజువు చూపాలి. గడువు ఆ రోజు సాయంత్రం నాలుగు. దాటితే సీటు ఇంకొకరిది.

రుజువంటే కాగితమని నా నమ్మకం. ముందురోజే మూడు సర్టిఫికెట్లూ ప్రింట్ తీయించి లామినేషన్ చేయించాను. "అవన్ని ఫోన్ల వాలెట్ల ఉన్నయత్తా" అని అఖిల ఫోన్లో మొత్తుకున్నా వినలేదు. నా డిగ్రీ పట్టా ఇన్నేళ్లూ బీరువాలో పట్టుచీరల కిందే ఉంది, దానికేం తక్కువయింది?

ఆడవాళ్లకు టికెట్ సున్నా కాబట్టి ఆధార్ చూపించాలి. నేను ఫోన్లో ఫొటో చూపించాను.

"ఫొటో నడువదమ్మా, కార్డు సూపెట్టు" అన్నాడు కండక్టర్.

సంచీ అడుగు నుంచి కార్డు తీసి చూపించాను. చూశారా, ఫోన్ మీద కాగితానిదే గెలుపు అని కోరుట్ల దాకా సంబరపడ్డాను.

కోరుట్ల బస్టాండ్‌లో అఖిల సర్వపిండి డబ్బాతో నిలబడి ఉంది. మా మరదలు, అంటే వాళ్లమ్మ, చుట్టిన బీడీలు అప్పజెప్పే రోజని రాలేకపోయింది. తొమ్మిదికల్లా వేములవాడ బస్సు దొరికింది. కథలాపూర్, రుద్రంగి మీదుగా పోయే ఈ దారిలో కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి, పొలాలూ గుట్టలూ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పక్క సీట్లో నస్రీన్ అనే గాజుల వ్యాపారి, ఒళ్లో గాజుల మూటతో మా మాటలు వింటూ కూర్చుంది.

"పైసల్ లేని వాలెటా? మరి అండ్ల ఏముంటయ్ బేటీ?"

"సదువు ఉంటది ఆంటీ. నేను పాసైన్నని యూనివర్సిటోళ్లు ఏసిన ముద్ర. నేను పంపితే కాలేజోళ్లకు అసలుదో నకిలీదో అప్పుడే తెల్సిపోతది."

"అచ్ఛా. గసొంటిది పెండ్లి పిలగాండ్లకు గుడ పెట్టుండ్రి. మా దిక్కు ప్రతోడు ఇంజనీరే."

ముందు సీటు వాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు.

వేములవాడలో దిగగానే సిరిసిల్ల బస్సులు వరసగా ఉన్నాయి. పదకొండున్నరకు సిరిసిల్ల చేరాం. కాలేజీకి వెళ్లే సందులో రెండు వైపులా మరమగ్గాల చప్పుడు. మాట వినపడాలంటే అరవాలి. నాకు ఊరు నచ్చింది.

అడ్మిషన్ల గదిలో ఉన్న మేడం నా లామినేషన్ కాగితాలను అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేసింది.

"మంచిగ చేయించిన్రు గని, ఇవి నేనేం జేసుకోవాలె అమ్మా? వాలెట్ల కెల్లి పంపమనుండ్రి."

"కండక్టరేమో ఫోన్ వద్దు, కాగితం కావాలంటడు. నువ్వేమో కాగితం వద్దు, ఫోన్ కావాలంటవు. మీరిద్దరు ముందు ఒక మాట మీదికి రండ్రి" అన్నాను.

"కాగితం ఎవలన్న నకిలీది కొట్టియ్యచ్చమ్మా. మీరు గాదు, ఎవలన్న" అంది మెత్తగా. కాగితాలు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

అఖిల ఫోన్ తీసింది. పాతది నీళ్లలో పడి పాడైతే ఈ మధ్యే కొన్న ఫోన్ అది. కొత్త ఫోన్ కదా, వాలెట్ తెరుచుకోవాలంటే ఓటీపీ కావాలంది. అఖిల మొహం వాడిపోయింది.

"ఓటీపీ బాపుకు పోయిందత్తా."

మా దిక్కు ఇళ్లలో ఇది మామూలే. గల్ఫ్‌లో ఉన్న మనిషి ఇండియా నంబరే బ్యాంకుకూ, గ్యాస్‌కూ, పిల్లల చదువుకూ. మా తమ్ముడు రాజేశం దుబాయ్‌లో బిల్డింగ్ పనిలో ఉన్నాడు. పని మీద ఉన్నంతసేపూ ఫోన్ లాకర్లో పెట్టాలి. అక్కడ పన్నెండున్నరకు అన్నం బెల్లు, అంటే మనకు రెండు. ఓటీపీ బతికేది పది నిమిషాలు.

మేడం ఆశ్చర్యపోలేదు. "నిన్న గూడ ఒకామె మస్కట్ కోసం గిదే బెంచి మీద కూసున్నది. తిని రాపోండ్రి."

కాలేజీ ఎదురు మెస్‌లో భోజనం ఎనభై రూపాయలు, పప్పు బాగుంది, పెరుగు పులుపు. సర్వపిండి కూడా తిన్నాం. అఖిల సగం విస్తరి వదిలేసింది. రెండింటికి మళ్లీ బెంచి మీదికి చేరాం. రాజేశం ఫోన్ ఎత్తలేదు. రెండుంబావుకూ ఎత్తలేదు. మేడం గడియారం వైపు చూస్తే నేను కిటికీ వైపు చూశాను. రెండున్నరకు వాడే చేశాడు.

"అక్కా, లాకర్ కాడ లైను మస్తుండె."

"ముచ్చట్లు తర్వాత. ఇప్పుడొక నంబరొస్తది, సదువు."

"సాత్, దో, నౌ..."

"తెలుగుల చెప్పురా."

"నీ పరేషాన్ల నాకు తెలుగు గుడ యాదికొస్తలేదే."

వాలెట్ తెరుచుకుంది. మూడు కోర్సులు మూడు కార్డుల్లా వరసగా కనిపించాయి. అఖిల కాలేజీ పేరు నొక్కింది. ఎన్ని రోజులు చూడనివ్వాలని వాలెట్ అడిగింది: వారం, నెల, నేను తీసేసేదాకా. మేడం నెల చాలంది. రెప్పపాటులో ఆమె కంప్యూటర్ మీద మూడు పచ్చ గుర్తులు పడ్డాయి. సీటు ఖాయమైంది.

నేను అంతటితో ఊరుకునే మనిషినా? వాలెట్లో నంబర్ ఇప్పుడే అఖిలదిగా మార్చాలన్నాను. మార్చడానికీ వాడి ఓటీపీయే కావాలి.

"ఉండనియ్యే అక్కా, నడుస్తుంది గదా" అన్నాడు రాజేశం.

"రేపు పరీక్ష ఫీజు దినం నువ్వు పరంజ మీదుంటే? పిల్ల సదువు పిల్ల చేతిల ఉండాలె. చెప్పు నంబరు."

చెప్పాడు. ఈసారి తెలుగులోనే, నెమ్మదిగా.

నాలుగున్నరకు తిరుగు ప్రయాణం. వేములవాడలో కోరుట్ల బస్సులోకి మారాం. చందుర్తి దాటాక, పొద్దుగుంకే వేళకు, డ్యూటీ దిగిన రాజేశం ఫోన్ చేశాడు. అఖిల స్పీకర్ పెట్టింది.

"ఇగ నాకు రావన్నట్టా, బిడ్డా?"

"ఏంటియి బాపూ?"

"మెసేజ్‌లు. నువ్వు హాల్ టికెట్ దించుకున్ననాడు నాకొచ్చింది. కోర్సు పాసైననాడు ఒచ్చింది. రూంల అందరికి సూపెట్టిన."

"గ్యాస్‌ది నీకే వస్తది గదరా" అన్నాను నేను.

"గ్యాస్ వస్తదక్కా. అఖిల రాదు."

అఖిల వాలెట్ తెరిచి, మూడు కార్డులూ ఎంచి, తండ్రి నంబర్ కొట్టింది. ఎన్ని రోజులని అడిగిన చోట ఆఖరిది నొక్కింది: నేను తీసేసేదాకా.

అవతల రాజేశం ఫోన్ టింగుమంది.

"పచ్చ గుర్తొచ్చిందా బాపూ?"

"ఒచ్చింది. నీ పేరు గుడ ఉన్నది" అన్నాడు వాడు.

అఖిలను కోరుట్లలో దింపి జగిత్యాల బస్సెక్కాను. ఈ పని మీద సిరిసిల్ల వెళ్లేవాళ్లకు చెప్తున్నాను: బస్సుకు అసలు ఆధార్ కార్డు, కాలేజీకి ఛార్జింగ్ ఉన్న ఫోన్. అంతకంటే ముందు, మీ నంబర్ ఏ దేశంలో ఎవరి జేబులో ఉందో చూసుకోండి. మార్చుకోవడం మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. మార్చే ముందు ఆ జేబు మనిషితో రెండు మాటలు మాట్లాడండి.

జగిత్యాల దగ్గర పడుతుండగా రాజేశం మళ్లీ చేశాడు.

"అక్కా, అఖిల నీక్కూడ పంపిందా?"

"లేదురా."

"నాకు పంపింది."

నా ఒళ్లో మూడు లామినేషన్ కాగితాలున్నాయి. నా దగ్గరా ఉన్నాయని వాడికి వీడియోలో చూపించొచ్చు, చూపించలేదు.

"నీకే పంపిందిరా" అన్నాను.