అరవై ఇళ్ల పేరుతో నేనడిగిన పార్కు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ వీధంతా చెబుతుంది. ఆమెకు తెలియదు పాపం. ఏడేళ్లుగా ఒక మాట నానుతూనే ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర చెబుతున్నాను.

అప్పుడు నేను మా ఊరి మునిసిపాలిటీలో చిన్న ఉద్యోగిని. రాబోయే ఇరవై ఏళ్లలో ఊళ్లో ఎక్కడ ఇళ్లుండాలి, ఎక్కడ అంగళ్లుండాలి, ఖాళీ జాగాలు ఏం చేయాలి అని మాస్టర్ ప్లాన్ వేస్తున్నారు. ఇంటింటికీ తిరిగి జనం అభిప్రాయాలు ఫారాల్లో రాసుకురమ్మన్నారు. నా వంతుకు నేతగాళ్ల వీధి వచ్చింది. అరవై ఇళ్లు.

వెళ్లాను. అదైనా నిజమే. మిట్టమధ్యాహ్నం, మాడ్చే ఎండ, ప్రతి ఇంట్లో మగ్గం చప్పుడు. పిలిస్తే ఎవరికీ వినబడదు. మూడు గడపలెక్కి దిగాను. వీధి చివర పొడుగాటి ఖాళీ జాగా కనిపించింది, మనిషి లేడు, మేక లేదు. తిన్నగా కాఫీ అంగడికి పోయి, ఫ్యాను కింద కూర్చుని, ఓటర్ల జాబితాలోంచి పేర్లెక్కించి అరవై ఫారాలూ నేనే నింపాను. నాలుగు పెన్నులు మార్చాను. కొన్ని ఎడమచేత్తో రాశాను. 'మీకేం కావాలి?' అన్నచోట 'ఖాళీ జాగాలో పార్కు' అని అరవైసార్లు రాశాను. ఇంత ఐకమత్యం ఏ వార్డులోనూ లేదని మా ఆఫీసరు మురిసిపోయాడు. నేనూ మురిశాను, సిగ్గులేకుండా.

ఆ జాగాని పొద్దున్నే చూడాలి. మగ్గానికి ఎక్కించే నిలువు నూలును, అంటే పడుగును, తెల్లారగానే ఈ కొస నుంచి ఆ కొసకు చాచి, గంజి పెట్టి ఆరబెడతారు. ఎండ ముదిరేలోగా చుట్టుకుని వెళ్లిపోతారు. ఈ ఊళ్లో పుట్టిన నాకు ఇది తెలియదా? తెలుసు. మరి ఆ పూట ఎందుకు గుర్తు రాలేదు? గుర్తొస్తే మళ్లీ ఎండలోకి వెళ్లాలి కదా, అందుకేనేమో.

పార్కు వచ్చింది. సిమెంటు బల్లలు, ఊయల, చుట్టూ కంచె. ఒకరోజు ఆ వీధి పెద్ద నేతగాడు మునిరత్నం నన్ను ఆపాడు.

"ఏమప్పా, పార్కు అడిగిందెవురు? ఫారాలు రాసుకున్నోడివి నువ్వే గదా."

"అందురూ అడిగినారు పెద్దాయనా."

"నేను అడగలా. మా ఇంటికే రాలేదే నువ్వు."

"వచ్చినా. మీరు లేరు. పక్కింటోళ్లని అడిగి రాసుకున్నా."

"పక్కింట్లో అంటే గోవిందసామేనా?"

తల ఊపాను. ఆయన "సరేలేప్పా. నోరు తెరిసి నాకొక మాట సెప్పుంటే పొయ్యేది" అన్నాడు. నా గురించి కాదు, గోవిందసామి గురించి.

నలభై ఏళ్లు వాళ్లిద్దరూ ఒకే పడుగుకు చెరో కొస పట్టుకున్నారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. మునిరత్నం ఇప్పుడు కోడలితో కలిసి బైపాసు పక్కన పడుగు చాస్తాడు, లారీ వచ్చినప్పుడల్లా తిట్టుకుంటూ. సాయంత్రం ఇద్దరూ పార్కుకే వస్తారు, నవ్వొస్తుంది చెబితే. వీపులు చూపించుకుంటూ చెరో బల్ల మీద కూర్చుంటారు. నేనూ వెళ్తాను. "రాప్పా, కూసో" అని ఇద్దరూ జరిగి చోటిస్తారు. ఆ మర్యాదే నన్ను చంపుతుంది.

ఉద్యోగం పోతుందని అప్పుడు చెప్పలేదు. రిటైరయ్యాను, ఇంక పోయేదేముంది? ఆ బల్ల మీద చోటు పోతుంది. అంతే. అంత చిన్నదానికా ఇద్దరు ముసలివాళ్లను విడదీసి కూర్చోబెట్టాను? అవును, దానికే.

పార్కు అడిగింది గోవిందసామి కాదు, నేను. రాసేశాను. గుండె తేలికైన మాట నిజం, ఇవాళ అన్నం కూడా రెండోసారి వడ్డించుకున్నాను. కానీ ఇది చదివేది మీరు. వాళ్లిద్దరిలో ఒక్కరూ కాదు.