చుక్కంచు పిట్ట

ఈరవ్వ నోట్లో పడ్డాక ఎవరి పేరూ మునుపటిలా ఉండేది కాదు. నిజాంసాగర్ కట్ట దగ్గర చేపలు కొని ఎల్లారెడ్డి అంగడిలో అమ్ముకునే మనిషి. నడిచినంత దూరం ఆ నోరు ఊరుకుంటే కదా! ఆమె పుణ్యమా అని ఊళ్లో సగం మంది అసలు పేర్లు వాళ్లకే గుర్తులేవు.

సాగర్ నిండిన కొత్తలో, చలికాలం రాగానే, సముద్రం మీద తిరిగే తెల్ల పిట్టలు గుంపులుగా దిగాయి. వాటికి ఊళ్లో పేరు లేదు. ఈరవ్వ ఊరుకుంటుందా? నల్లటి రెక్క కొసన తెల్ల చుక్కలుంటే అది చుక్కలది. రెక్క ముందు పొడుగునా తెల్ల అంచు ఉంటే అది అంచుది. అంగట్లో చీరలు ఏరినట్టు పిట్టలను ఏరి పేర్లు పెట్టేసింది.

అట్లాంటి ఈరవ్వకు సొంత మనుమరాలికి పేరు పెట్టడం చేతకాలేదు. ఆమె కొడుకు మైసన్న, కట్ట పనిలో పరిచయమైన రూతమ్మను చేసుకున్నాడు. రూతమ్మ తండ్రి అబ్రాహాము క్రైస్తవుడు. పిల్ల పుట్టిన నాటి నుంచి ఒకటే ఏడుపు. పాలు తాగినా ఏడుపే. పోయిన పెద్దలు పిల్లలై తిరిగి వస్తారనీ, తమ పేరు పెట్టిందాకా ఏడుస్తారనీ ఆ ఊరి నమ్మకం. ఈరవ్వ తన తల్లి సాలవ్వ పేరు పిలిచింది. ఏడుపు ఆగలేదు. అబ్రాహాము తన తల్లి మరియమ్మ పేరు పిలిచాడు. అప్పుడూ ఆగలేదు. అటువైపు పేరు నెగ్గనందుకు బతికితిమి అనుకుంది ఈరవ్వ, కానీ వెంటనే గుండె కలుక్కుమంది. మరి కన్నతల్లి, తన అవ్వ, రాలేదా? అవ్వ మళ్లీ తన ఒళ్లోకి వస్తుందని ఎన్నేళ్లుగా ఎదురుచూసిందో!

ఒక పొద్దున పిల్లను భుజాన వేసుకుని ఈరవ్వ కట్ట మీద నిలబడింది. పక్కన అబ్రాహాము. చేపలు తూచే వెంకటి నీళ్ల వైపు చెయ్యి చూపించాడు.

"ఈరక్కా, గా పిట్టను సూడు. సుక్కలున్నయి, అంచు గూడ ఉన్నది. దోగలాది!"

రెండు జాతులకు పుట్టినదాన్ని ఈసడించే మాట అది. మనుమరాలి వెనకాల ఊరు అంటున్న మాట కూడా అదే.

"నీ నోట్ల మన్ను బొయ్య! దోగలా ఏందిరా? అవ్వ దగ్గర సుక్కలు దెచ్చుకున్నది, అయ్య దగ్గర అంచు దెచ్చుకున్నది. నీదేం బోయింది? దాని పేరు సుక్కంచుది. గంతే!"

వెంకటి తక్కెడ వెనక దాక్కున్నంత పని చేశాడు. అబ్రాహాము ఫక్కున నవ్వాడు.

"పిట్టకైతె రెండు గలిపి పెడితివి అక్కా. మన పిల్లకేమో ఒక్కదానికే కొట్లాడవడ్తిమి."

ఈరవ్వ పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. పిల్ల మాత్రం చెవులు చిల్లులు పడేట్టు ఏడుస్తూనే ఉంది.

"మీ అవ్వ పేరే ముందు పెట్టు తమ్మీ" అంది ఈరవ్వ.

"గట్లెట్ల? నువ్వు పెద్దదానివి. మీ అవ్వదే ముందు."

"సాలమరియా" అని మెల్లగా పిలిచింది ఈరవ్వ.

పిల్ల వెక్కుతూ వెక్కుతూ ఆగింది. తడి కళ్లు విప్పి ఆమె మొహంలోకి చూసింది. మళ్లీ మొదలుపెడుతుందేమోనని ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. పెట్టలేదు.

ఈరవ్వ కన్నీళ్లు పిల్ల నుదుటి మీద పడ్డాయి.

"వచ్చినవానే అవ్వా! ఒక్కదానివి రాబుద్ధిగాక తోడు దెచ్చుకున్నవా?"