ఒక్క తిప్పులో తిరిగిన జీపు

ఒక బోల్టు బరువు ఏళ్ళుగా నా గుండెల మీద ఉంది. వేలెడంత కూడా ఉండదు అది. మీరు నన్నెరగరు. నా షెడ్డుకి ఎప్పుడూ వచ్చి ఉండరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాచర్ల దగ్గర మా ఊళ్ళో జీపులు బాగుచేస్తాను. నాలుగు చక్రాలూ లాగే పాత జీపులు మా వైపు ఇంకా తిరుగుతున్నాయి, వానొస్తే నల్లరేగడిలో దిగగలిగేవి అవే. మా ఊరి పెద్దాయన దగ్గర అలాంటిది ఒకటి ఉండేది, తండ్రి నాటిది. దాని డ్రైవరు సైదులు.

పెద్దాయన ఇంటికి వెళ్ళే సందు మలుపులో ఎదుటి పార్టీ వాళ్ళ ఇల్లు. ఆ మలుపులో జీపు ఒక్కసారిగా తిరగదు. కాస్త వెనక్కి తీసి మళ్ళీ తిప్పాలి. వాళ్ళు అరుగు మీద కూర్చుని చూస్తుంటే తన బండి వెనక్కి పోవడం ఆయనకు తల కొట్టేసినట్టు ఉండేది. మీకు నవ్వొస్తుందేమో. మా దగ్గర దీనికి ఎవరూ నవ్వరు. ఎలాగైనా ఒక్క తిప్పులో తిరిగేలా చెయ్యమన్నాడు.

ముందు చక్రం ఎంతవరకు తిరగాలో అక్కడ ఆపడానికి ఒక స్టాపర్ బోల్టు ఉంటుంది. దాన్ని లోపలికి బిగిస్తే చక్రం ఇంకాస్త తిరుగుతుంది. అది అక్కడ ఎందుకుందో నాకు తెలుసు. ఆయన వెడల్పు టైర్లు వేయించాడనీ తెలుసు. అయినా బిగించాను. జీపు ఆ మలుపులో ఆగకుండా తిరిగింది. పెద్దాయన నలుగురిలో నా భుజం తట్టాడు. అప్పుడు నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యమేస్తుంది.

కొన్నాళ్ళకు సైదులు షెడ్డుకి వచ్చాడు.

"అన్నా, స్టీరింగ్ ఫుల్లుగా తిప్పితే టైరు బ్రేకు పైపుకి రాసుకుంటా ఉంది. ఒకసారి చూడు."

"ఏంది సైదులూ, పాత బండన్నాక ఏదో ఒక చప్పుడు చేస్తనే ఉంటది. పోయి తోలుకో."

"చానా రోజుల్నించి అన్నా."

"ఏం కాదని చెప్తన్నాగా."

వెళ్ళిపోయాడు. నా మాట మీద నమ్మకంతో వెళ్ళిపోయాడు. ఎందుకు చూడలేదు నేను? చేతిలో పనుందా? లేదు. చూస్తే ఆ బోల్టు వెనక్కి తిప్పాల్సి వస్తుంది, తిప్పితే జీపు మళ్ళీ వాళ్ళ అరుగు ముందు వెనక్కి పోతుంది, పెద్దాయన నన్ను పిలిచి ఏమైందిరా అని అడుగుతాడు. అది భయమా? భుజం తట్టిన ఆ చెయ్యి దూరమవుతుందన్న దిగులా? ఏదైతేనేం.

మిరప కోతలప్పుడు సైదులు కూలీలను ఎక్కించుకుని పోతుంటే, రెంటచింతల దారిలో, దిగుడులో, బ్రేకు పడలేదు. ఆ పాత బండిలో ఒక్క పైపు తెగితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. జీపు కల్వర్టు గోడకు కొట్టుకుంది. వెనకున్న కూలీలు దెబ్బలతో బయటపడ్డారు. ముందు సీట్లో సైదులు పక్కన కూర్చున్న అతని భార్య కోటమ్మ అక్కడికక్కడే పోయింది.

బండిని నా షెడ్డుకే లాక్కొచ్చారు. కిందికి దూరి చూశాను. రబ్బరు పైపు ఒకవైపు అరిగి అరిగి చిరిగింది. ప్రమాదం జరిగిన బండిని తనిఖీ చేసే బ్రేకు ఇన్‌స్పెక్టరు రాకముందే పైపు మార్చాను. ఆయిలు పోశాను. బోల్టు పాత చోటికి తిప్పాను. రెంచి ఒక్కసారి కూడా జారలేదు. జారి ఉంటే కొంచెమైనా మనిషినని అనుకునేవాణ్ణి.

ఇన్‌స్పెక్టరు వచ్చి పెడలు తొక్కి చూసి బండిలో లోపం లేదన్నాడు. ఇక మిగిలింది డ్రైవరే. తాగి తోలాడన్నారు. కునుకు తీశాడన్నారు. సైదులు కూతురు తండ్రి మొహం చూడటం మానేసింది. అతను ఎవరితోనూ వాదించలేదు. టైరు పైపుకి రాసుకుంటోందని నాతో అన్న మాట గుర్తులేదా? ఉండే ఉంటుంది. కానీ బండి బాగానే ఉందని ఆఫీసరే చెప్పాక, తన కాలునే అనుమానించడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు అతను స్టీరింగ్ ముట్టడు. మిరప కల్లాల దగ్గర కాపలా ఉంటాడు. అప్పుడప్పుడు నా షెడ్డుకి వచ్చి పాత టైరు మీద కూర్చుని, "బ్రేకే తొక్కాననుకున్నా అన్నా, కాలు దేని మీద పడిందో ఏమో" అంటాడు. నేను రెంచి కోసం వెతుకుతున్నట్టు తల దించుకుంటాను. మొన్న వెళ్ళబోతూ ఆగాడు. "ఊరంతా నన్నంది. ఒక్క మాటా అననోడివి నువ్వొక్కడివే అన్నా" అన్నాడు. టీ తెప్పించాను. ఇద్దరం తాగాం.

ఇది చదివి మీరు నన్ను ఏమన్నా సరే. క్షమించమని అడగడానికి మీరెవరు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. బోల్టు తిప్పింది నేను. అతని కాలు బ్రేకు మీదే పడింది. ఈ రెండు మాటలూ ఇన్నేళ్ళకు నా లోపలినుంచి బయటికొచ్చాయి, ఊపిరి కొంచెం ఆడుతోంది. వినాల్సిన మనిషి మాత్రం రేపు కూడా వచ్చి ఆ టైరు మీద కూర్చుంటాడు.