బిగించిన తాడు, సున్నా చూపిన మీటరు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానలు తగ్గిన వారంలో, జంషెడ్‌పూర్‌లోని మా కార్ఖానా పరీక్షా విభాగం నన్ను ఓ వింత పనికి పంపింది. అప్పుడు నేను సీనియర్ ఇంజినీర్‌ని. క్రేన్లు ఎత్తే బరువులు కొలవడంలో నాకు తిరుగులేదని వర్క్‌షాపులో అందరూ అనేవారు, నేనూ కాదనేదాన్ని కాదు. ఈసారి కొలవాల్సింది ఊరి బయటి జలాశయంలో ఓ శిక్షణ పడవ. దాని తెరచాప స్తంభాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఉక్కు తాళ్ల మీద ఎంత లాగుడు పడుతుందో తేల్చాలి.

అంతకు ముందు వారమే ఓ తాడు కొస ఊడింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ కొస బిగించింది బారిడీహ్‌లో ఉండే మా కాంట్రాక్టు రిగ్గర్, అంటే తాళ్లు బిగించే పనివాడు, అప్పలరాజు. పని నాసిరకమని పడవ నిర్వాహకులు ఫిర్యాదు చేశారు. నా రిపోర్టూ అదే అంటే అతని గేట్ పాస్ రద్దవుతుంది. పాస్ లేనివాడికి కార్ఖానాలో పని లేదు.

అప్పలరాజూ నేనూ తాడుకీ పడవ అంచుకీ మధ్య లోడ్ సెల్ తగిలించాం. లాగుడును అంకెల్లో చూపే పరికరమది. క్రేను దగ్గరైతే ఖాళీ కొక్కెం వేలాడుతుండగా మీటరును సున్నాకు తెస్తాం, కొక్కెం బరువు లెక్కలోకి రాకుండా. ఆ అలవాటు కొద్దీ ఇక్కడ కూడా తాళ్లన్నీ మునుపటిలా బిగించాకే సున్నా నొక్కాను. తెరచాప ఎత్తి మంచి గాలిలో తిప్పితే, మీటరు చూపిన లాగుడు, తాడు మోయగల సురక్షిత పరిమితిలో పావు వంతు కూడా రాలేదు. అంకెలు లాగ్‌బుక్‌లో ఎక్కించాను. కొస పనే బాగోలేదని తేల్చేసి రిపోర్టు మొదలుపెట్టాను.

పడవ గట్టుకు చేరి, తెరచాప దించాక, అప్పలరాజు స్పానర్‌తో తాడును తట్టాడు. కంగుమంది. మీటరు వైపు చూశాడు.

"మేడమ్, తాడు ఇంత బిగువుగుంటే మీ మీటరు సున్నా అంటాదేటి? ఏదో గడ్‌బడ్ ఉంది."

తాడులో ముందే ఉన్న బిగువునంతా నేనే సున్నా చేసేశానని అప్పుడు తట్టింది. తాడు వదులు చేయించి, అప్పుడు సున్నా పెట్టి, మళ్లీ మునుపటంత బిగించమన్నాను. గాలి సోకకముందే అంకె పరిమితిని అందుకుంది. పొగగొట్టాన్ని నిలబెట్టే తాళ్లలా అంత గట్టిగా బిగించమని అప్పలరాజుకు చెప్పింది ఆ పడవ నిర్వాహకులే. గాలి లాగుడంతా దాని మీద అదనం.

మొదలుపెట్టిన రిపోర్టు పక్కనపెట్టి, కొత్తదాంట్లో నా పొరపాటు కూడా రాశాను. ఆ మాట అక్కర్లేదని మా మేనేజర్ అన్నారు. కానీ లాగ్‌బుక్‌లోని మొదటి అంకెలు ఎందుకు తప్పో రాయకపోతే అవి అప్పలరాజు మెడకు చుట్టుకుంటాయి. ఆ వాక్యం తీయలేదు. అతని పాస్ నిలిచింది.

అంతకు ముందు ముప్పై ఏళ్లు నేను మీటరునే నమ్మాను. తాడు బిగించినవాణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు.