జపాన్ మ్యాచ్‌కు ముందు నేను అడిగింది

మా మనవరాలు రగ్బీలో దేశం జట్టుకు ఎంపికైనప్పుడు మా బోయిగూడ వీధిలో సగం మంది అదేం ఆట అని అడిగారు. నాకూ తెలిసింది కొంచెమే. గుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ముందుకు పరుగెత్తాలి, ఇంకొకరికి వేయాలంటే మాత్రం వెనక్కే వేయాలి. ఎదుటి మనిషిని పట్టుకుని కింద పడేస్తే తప్పు కాదు, ఆటే అది. ఒకసారి ఇక్కడి గ్రౌండులో చూశాను. అవతలి జట్టు పిల్ల ఒకతి భుజం పట్టుకుని లేవలేకపోతే ఇద్దరు మోసుకెళ్లారు. ఆ పిల్ల తల్లి నా పక్కనే ఉంది. మంచినీళ్ల సీసా మూత తీసి, తాగడం మరిచి, అట్లాగే పట్టుకుని కూర్చుంది.

ఆసియా పోటీల్లో మొదటి మ్యాచ్ జపాన్‌తో పడింది. ముందురోజు సాయంత్రం అల్వాల్ నుంచి మా తమ్ముడు వచ్చాడు. వయసులో హాకీ ఆడినవాడు కనుక ఏ ఆటైనా తనకు తెలుసనుకుంటాడు. చాయ్ చల్లారకముందే మా అల్లుడితో వాదన పెట్టుకున్నాడు.

"గెల్వరు అల్లుడా, రాసిస్తా. వాళ్ల పిల్లలు నడక రాంగనే ఆ బంతి పట్టుకుంటరు. మనోళ్లు కాలేజీకి పోయినంక షురూ జేసిండ్రు."

"ఏడుగురి ఆట మామా ఇది. సగానికి ఏడు నిమిషాలే. ఒక్కసారి జారిండ్రంటే పెద్ద టీమ్ సుత పరేషాన్ అయితది."

"జారేదెవరు? మనోళ్లే."

"నీ నోట్లె ఒక్క మంచిమాట రాదా మామా?" వంటింట్లోంచి మా అమ్మాయి అరిచింది. "నా బిడ్డ గ్రౌండ్ల దిగినంక మాట్లాడు."

"దింపాలె గద! పన్నెండు మందిల ఐదుగురు బయటనే కూసుంటరు."

ఆ మాట వినగానే నా మనసు తేలికపడింది.

మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన. చాప మీద కూర్చుని ఎవరి విన్నపం వాళ్లు పైకి చెప్తారు, పెద్దదాన్ని కనుక ముగింపు నాది. అల్లుడు గెలుపు అడిగాడు. "మర్యాదగా ఓడిపోయేటట్టు చూడు దేవా," అన్నాడు తమ్ముడు. మా అమ్మాయి కళ్లు తెరవకుండానే అతని మోకాలి మీద ఒకటి వేసి, బిడ్డకు ఆడే అవకాశం ఇమ్మని అడిగింది. నా వంతు వచ్చింది. "నీ చిత్తమే జరగనీ తండ్రీ," అని పైకి అన్నాను. దాన్ని బెంచీ మీదే కూర్చోబెట్టు ప్రభువా, అని లోపల అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

మరునాడు టీవీలో చూశాం, మనవాళ్లు ఘోరంగా ఓడిపోయారు. మ్యాచ్ అంతా మా పిల్ల గ్రౌండు గీతకు అవతల అక్కడికక్కడే గెంతుతూ, కాళ్లు వేడి చేసుకుంటూ, మాటిమాటికీ కోచ్ వైపు చూస్తోంది. ఆయన ఇంకొకరిని పిలిచినప్పుడల్లా నా గుండె కుదుటపడేది. వెంటనే సిగ్గేసేది.

సాయంత్రం ఫోన్ చేసింది. "ఒక్క నిమిషం సుత దింపలే అమ్మమ్మా. నువ్వు ప్రేయర్ జెయ్యలేదా?"

"చేసిన బిడ్డా."

"నువ్వు జేస్తే అయితది అనుకున్న."

ఫోన్ మా అమ్మాయి చేతిలో పెట్టేశాను.

ఆ పూట ప్రార్థనలో నా వంతు రాగానే, దాన్ని దింపు ప్రభువా, అని గట్టిగా అన్నాను. దెబ్బ తగలకుండా అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

తర్వాతి మ్యాచ్ చైనాతో. రెండో సగంలో దింపారు. బంతి అందుకుందో లేదో అవతలి జట్టులో ఎత్తుగా ఉన్న పిల్ల ఒకతి మా పిల్లను నేలకేసి కొట్టింది. మా అమ్మాయి కేక పెట్టింది. ఇదీ నేను అడిగిందే కదా అనుకుంటూ నేను చూస్తుండగా, మనవరాలు లేచి మళ్లీ పరుగెత్తింది. ఈసారీ ఓడిపోయారు.

"చెవి మీద కుట్లు పడ్డయ్ అమ్మమ్మా!" ఫోన్లో పండగలా చెప్పింది. "నీ ప్రేయర్ పన్జేసింది. మరి జపాన్ అప్పుడేమైంది నీకు?"

స్పీకర్ పెట్టి ఉంది. ఇంట్లో అందరూ నవ్వారు.

"అప్పుడు నిన్ను బెంచీ మీదనే కూసోబెట్టమని మనసుల అడిగిన," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మా అమ్మాయి నా ముఖం చూసి తల తిప్పుకుంది. ఫోన్లో అవతల ఎవరో నడుస్తున్న చప్పుడు వినబడింది.

"రేపు ఇంకో మ్యాచుంది," అంది మా పిల్ల. "నువ్వు ప్రేయర్ మొత్తం పైకే చెయ్యి. అమ్మను పక్కన కూసొని వినమను."